తాగుడు మానాలి, మీటింగ్ ఎక్కడ? వరంగల్ చుట్టుపక్కల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ నాకు ఫోన్‌లో వచ్చినవే. ఎక్కువ శాతం రాత్రి పదకొండు దాటాకో, తెల్లవారుజామున నాలుగున్నరకో వస్తాయి. అడిగేవాళ్లలో తాగేవాళ్లకంటే వాళ్ల ఇంటివాళ్లే ఎక్కువ. నేనూ తాగి మానినవాణ్నే. పేరు రాయను, ఎందుకో కింద చెప్తాను. నేను చెప్పే మీటింగులు ఆల్కహాలిక్స్ అనానిమస్‌వి. తాగి మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే సంఘం అది, అందరూ ఏఏ అంటారు. దాని తరఫున మాట్లాడే అధికారం ఏ సభ్యుడికీ లేదు, నాకూ లేదు. కాబట్టి వీటిని ఒక మనిషి చెప్పిన జవాబులుగానే చదవండి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. మీ ఇంట్లో ఎవరైనా తాగుడు ఆపిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చినా, లేని మనుషులు కనబడుతున్నారన్నా, ఎక్కడ ఉన్నదీ తెలియకుండా మాట్లాడుతున్నా చదవడం ఆపేసి 108కి ఫోన్ చేయండి. మీటింగ్ సంగతి తర్వాత.

అడ్రస్ చెప్పండి చాలు. వరంగల్‌లో మీటింగ్ ఎక్కడ జరుగుతుంది?

అందరి మొదటి ప్రశ్న ఇదే. దీనికే నేను అడ్రస్ రాసివ్వను. దాచిపెట్టాలని కాదు. ఈ మీటింగులకు సొంత బిల్డింగులు ఉండవు. ఎవరో దయతలచి ఇచ్చిన గదిలో జరుగుతాయి. అది స్కూలు గది కావచ్చు, చర్చి వెనక హాలు కావచ్చు, ఆస్పత్రిలో ఖాళీగా ఉన్న రూము కావచ్చు. పదో తరగతి పరీక్షలొస్తే గది మారుతుంది. గది ఇచ్చిన సారు ట్రాన్స్‌ఫర్ అయితే గదే పోతుంది.

ఒకసారి జమ్మికుంట నుంచి ఇద్దరు అన్నదమ్ములు పాత అడ్రస్ రాసిన కాగితం పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చారు. వచ్చేసరికి గేటుకు తాళం. "అన్న పది నిమిషాలు నిలబడ్డడు సార్, ఎదురుంగ వైన్స్ కనబడ్డది, ఇగ ఆగలే" అని తమ్ముడు తర్వాత ఫోన్‌లో చెప్పాడు. అదే సమయానికి మేమంతా అక్కడికి అర కిలోమీటరు దూరంలో, కొత్త గదిలో కూర్చుని ఉన్నాం.

అందుకే అడ్రస్ కోసం వెతక్కండి, మనిషి కోసం వెతకండి. ఏఏ పుట్టిందే అలా. 1935 మే నెలలో బిల్ అనే షేర్ బ్రోకర్ అమెరికాలోని ఆక్రన్ ఊరికి పని మీద వెళ్లాడు. పని చెడింది. మానేసి కొన్ని నెలలే అయింది. హోటల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. అతను ఫోన్ దగ్గరికి వెళ్లి, తనలాంటి తాగుబోతు ఈ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా అని వరసగా నంబర్లు తిప్పాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ అనే సర్జన్. ఆ డాక్టరు చివరిసారి తాగిన రోజు, 1935 జూన్ 10, ఏఏకి పుట్టినరోజు అయింది. తొంభై ఏళ్లు దాటినా పద్ధతి మారలేదు. ముందు ఫోన్, ఆ తర్వాతే మీటింగ్.

సరే, ఎవరికి ఫోన్ చేయాలి?

ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబైలో ఉంది. వాళ్ల వెబ్‌సైటులో ఊరి పేరుతో వెతికితే మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు దొరుకుతాయి. మీ ఊరు కనబడకపోతే హైదరాబాద్, సికింద్రాబాద్ నంబర్లకు చేయండి. జిల్లాల్లో ఎవరున్నారో అక్కడి పాత సభ్యులకు తెలుస్తుంది. ఎత్తేది జీతానికి పనిచేసే ఆపరేటర్ కాదు, మీలాగే తాగి మానినవాడు. పగలు ఉద్యోగంలో ఉంటాడు కాబట్టి ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేయండి. ఒక్కసారికే "ఎత్తలేదు" అని వదిలేస్తారు చాలామంది. వైన్స్ తెరవలేదని ఎప్పుడైనా ఒక్కసారికే వెనక్కి వచ్చామా?

ఎత్తినప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఈ వారం ఎక్కడ అని అడగండి. బయటివాళ్లు కూర్చోవచ్చా అని అడగండి. ఆ తర్వాత అసలైనది అడగండి: "నన్ను బస్టాండ్ దగ్గర ఎవరైనా కలుస్తారా?" ఇది అడగడానికి మొహమాటపడతారు. కానీ ఇలా అడిగిన మనిషి దాదాపు ఎప్పుడూ మీటింగ్‌కి చేరతాడు. హన్మకొండ బస్టాండ్ దగ్గరో, కాజీపేట స్టేషన్ బయటో నిలబడి మనల్ని తీసుకెళ్లడం వాళ్లకు భారం కాదు. తాము తాగకుండా ఉండటానికి వాళ్లకు అదీ ఒక మందే.

ఇంకో దారి ఆస్పత్రి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లినప్పుడు డాక్టరునో కౌన్సెలర్‌నో "ఏఏకి వెళ్లేవాళ్లు ఎవరైనా మీకు తెలుసా" అని అడగండి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఇదే ప్రశ్న. సింగరేణివాళ్లు తమ ఏరియా హాస్పిటల్లో అడగవచ్చు.

14446, 14416 అని రెండు నంబర్లు చెప్తున్నారు. ఏది దేనికి?

14446 వ్యసనాల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. డి-అడిక్షన్ సెంటర్లు ఎక్కడున్నాయో చెప్తారు, ఫోన్‌లోనే కౌన్సెలింగ్ చేస్తారు. 14416 టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా రెండోది చేయండి. రెండూ ఉచితం. ఇవి మీటింగ్‌కి బదులు కాదు, కానీ అర్ధరాత్రి రెండింటికి మీటింగ్ ఉండదు కదా.

అక్కడ ఏం చేస్తారు? క్లాసు చెప్తారా? తిడతారా?

క్లాసూ లేదు, తిట్టేవాళ్లూ లేరు. ఎనిమిది పది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్, చాయ్. గంట, గంటన్నర సాగుతుంది. ఆ రోజు నడిపించే సభ్యుడు ముందు నాలుగు మాటలు చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకుంటారు. దాన్ని షేరింగ్ అంటారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు, వాదించరు. మన వైపు పంచాయితీలు చూసినవాళ్లకు ఇది మొదట వింతగా ఉంటుంది. ఎవరూ తీర్పు చెప్పకుండా మీటింగ్ ముగిసిపోతుంది.

మీ వంతు వస్తే "ఇవ్వాళ వింటాను" అంటే చాలు. నేను మొదటి మీటింగ్‌కి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. ఏమీ మాట్లాడలేదు. ఒక పెద్దాయన బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకులో సీసా దాచేవాణ్నని చెప్పాడు. నేను మా ఇంట్లో వడ్ల గుమ్మిలో దాచేవాణ్ని. ఇంత సిగ్గుమాలిన పని నేనొక్కడినే చేశాననుకున్నాను అప్పటిదాకా. ఆ రోజు ఆయన చెప్పిన పన్నెండు మెట్లూ (తాగకుండా బతకడానికి ఏఏ చూపే దారి), పన్నెండు సంప్రదాయాలూ (గ్రూపులు నడిచే పద్ధతులు) నాకేమీ ఎక్కలేదు. ఫ్లష్ ట్యాంకు ఒక్కటే గుర్తుండిపోయింది.

క్లోజ్డ్ మీటింగ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఓపెన్ మీటింగ్‌కి భార్య, అన్న, డాక్టరు, ఎవరైనా రావచ్చు. మొదటిసారి తోడు కావాలంటే ఓపెన్ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి.

నేను రోజూ తాగను. పైగా బీరే. నాకు ఇది అవసరమా?

బీరు సంగతి ముందు తేల్చుకుందాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర విస్కీ, బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే క్వార్టర్‌లో దాదాపు 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 7 శాతం అనుకున్నా ఒక సీసాలో 45 దాటుతుంది. రెండు బీర్లు తాగినాయన క్వార్టర్ తాగినాయన కంటే ఎక్కువే తాగినట్టు. "నేను హాట్ ముట్టను" అనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

డాక్టర్లు అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా మాట్లాడితే చిరాకు వస్తుందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే చేతులు కుదురుకోవడానికి ఒక గుక్క అవసరమైందా? రెండింటికి అవును అంటే పట్టించుకోవాల్సిందే. నాలుగోదానికి అవును అంటే ఇవ్వాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీటింగ్‌లో మాత్రం ఎవరూ మీకు పరీక్ష పెట్టరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యులే. ఫారం లేదు, ఆధార్ లేదు.

కల్లు తాగితే కూడా ఇందులోకి వస్తుందా? అది చెట్టు నుంచి దిగిందే కదా?

వస్తుంది. తాటి కల్లైనా ఈత కల్లైనా పులిస్తే ఆల్కహాలే. అయితే అసలు భయం వేరే. చెట్టు కింద తాగే కల్లు సంగతి కాదు నేను చెప్పేది. దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మడం మన దగ్గర ఎన్నో ఏళ్లుగా పట్టుబడుతున్న మోసం. ఇవి నిద్ర మాత్రల్లో ఉండే మందులు. తాగేవాడికి తాను కల్లు తాగుతున్నాననే తెలుసు, మాత్రలకు అలవాటు పడ్డాడని తెలియదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడగానే వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టారు. కాబట్టి దుకాణం కల్లు రోజూ తాగేవాళ్లు మానాలనుకుంటే డాక్టరుకు "కల్లు" అని స్పష్టంగా చెప్పండి. సిగ్గుపడి "అప్పుడప్పుడు బీరు" అంటే మందు తప్పుగా పడుతుంది.

మీటింగ్‌కి వెళ్లేముందే పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు. పైగా రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టరు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. ఊళ్లల్లో దీన్నే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తూ మూడు రోజులు పోగొడతారు. ఆ మూడు రోజులే ఆస్పత్రిలో ఉండాల్సినవి.

డాక్టరు వణుకు తగ్గే మందులు కొద్దిరోజులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. బీ1 విటమిన్ కూడా ఇస్తారు, ఎందుకంటే ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. వట్టి గ్లూకోజ్ సీసా ఎక్కించి పంపమని ఆర్‌ఎంపీని బతిమాలకండి. బీ1 అందకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడుకు నష్టం జరగవచ్చు. ఒళ్లు కుదుటపడే బాధ్యత ఆస్పత్రిది. తాగకుండా బతకడం నేర్చుకునేది మీటింగ్‌లో. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనుకోకండి.

మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టను. అంటే నాకు వ్యసనం లేనట్టే కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరిలో నన్ను నేను చూసుకుంటాను. నేను ఐదుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. శబరిమల నుంచి దిగొచ్చిన రోజు రాత్రే ఐదుసార్లూ తాగాను. ఒకసారైతే మాల తీసిన గంటకే.

దీక్షలో ఎందుకు ఆగగలిగామో ఆలోచించండి. పొద్దున్నే లేచే వేళ ఉంది, తిండికి నియమం ఉంది, సాయంత్రం భజనకు పదిమంది స్వాములు ఉన్నారు. ఎవరూ మనకు పెగ్గు పోయరు. అందరూ మనల్ని "స్వామీ" అని పిలుస్తారు. నిన్నటిదాకా "తాగుబోతోడు" అన్న నోళ్లే అవి. 42వ రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. మనిషి మళ్లీ ఒంటరి. నా లెక్కలో మీటింగ్ అంటే గడువు లేని గురుస్వామి దగ్గరికి వెళ్లడం లాంటిది. అక్కడ 41 రోజులకు ఒట్టు వేయమనరు. ఈ ఒక్క రోజు తాగకు అంటారు. రేపు మళ్లీ అదే మాట.

గుడిలో ఒట్టు వేయించి, పిల్లల నెత్తి మీద చేయి పెట్టించి మాన్పించాలని చూసే ఇళ్లవాళ్లకు ఒక విన్నపం. ఒట్టు తప్పినవాడు సిగ్గుతో ఇంకా ఎక్కువ తాగుతాడు. వద్దు.

మా ఊళ్లో అందరికీ తెలిసిపోదా?

తాగుతున్న సంగతి ఊరందరికీ ఇప్పటికే తెలుసు. మానుతున్న సంగతి తెలిస్తేనే మనకు పరువు గుర్తొస్తుంది. నవ్వులాట పక్కన పెడితే, భయం నిజమే. టీచర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, చిన్న ఊళ్ల వ్యాపారులు ఎక్కువ భయపడతారు. అనానిమస్ అంటేనే పేరు బయటపెట్టకపోవడం. ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు, ఫొటోలు తీయరు. అక్కడ విన్నది, చూసినవాళ్ల పేర్లు బయట చెప్పరు. నేను పేరు రాయనిది కూడా ఇందుకే.

ఇక్కడో చిక్కు కూడా ఉంది. హన్మకొండ పెద్ద ఊరేం కాదు. లోపలికి వెళ్లగానే మీ ఆఫీసు క్లర్కో, మీ పిల్లల ట్యూషన్ సారో కనబడొచ్చు. అప్పుడు గుండె గుభేలుమంటుంది, ఆయనకూ అంతే. ఆయనా అదే పని మీద వచ్చాడు కదా. అయినా మనసొప్పకపోతే వేరే ఊరి మీటింగ్‌కి వెళ్లండి. పరకాలవాళ్లు వరంగల్ వస్తారు, వరంగల్‌వాళ్లు సికింద్రాబాద్ వెళ్తారు. మంచిర్యాల, రామగుండం వైపు వాళ్లకు కాజీపేట లైన్ రైళ్లున్నాయి.

చర్చిలో పెడతారంట. మతం మారుస్తారా?

లేదు. చాలాచోట్ల చర్చివాళ్లు గది తక్కువకో ఉచితంగానో ఇస్తారు కాబట్టి అక్కడ పెట్టుకుంటారు. ఏఏ ఏ మతానికీ, పార్టీకీ, సంస్థకూ చెందదు. మెట్లలో దేవుడి మాట వస్తుంది. అయితే ఏ దేవుడని చెప్పరు. ఎవరికి వారు అర్థం చేసుకున్న దేవుడు. మా గ్రూపులో ఒకాయనకు భద్రకాళి అమ్మవారు, ఒకాయనకు దర్గా, ఒక పాత కమ్యూనిస్టుకు ఆ గదిలో కూర్చున్న పదిమందే. ఆయన మానేసి మా అందరికంటే ఎక్కువ కాలమైంది.

ఫీజు?

లేదు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది. ఇష్టముంటే పదో ఇరవయ్యో వేస్తారు, లేకపోతే లేదు. చాయ్‌కి, గది కిరాయికి సరిపోతుంది. బయటివాళ్ల దగ్గర చందాలు తీసుకోరు. "ఏఏ పేరు మీద ట్రీట్‌మెంట్, పది వేలు కట్టండి" అని ఎవరన్నా అంటే అది ఏఏ కాదు.

మా ఆయన రానంటున్నాడు. నేనేం చేయాలి?

అక్కా, మీరు వెళ్లండి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే ఉంది, 1951లో అమెరికాలో మొదలైంది. పైన చెప్పిన బిల్ భార్య లోయిస్ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. తాగేవాళ్ల పిల్లల్లో టీనేజ్ వాళ్లకు అలటీన్ ఉంది. దగ్గర్లో ఆల్-అనాన్ దొరక్కపోతే ఏఏ ఓపెన్ మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చోండి. ఆయన మానడానికి మీరేం చేయాలో అక్కడ చెప్పరు. మీ వల్ల ఆయన తాగలేదని, మీరు ఆపలేరని, మీరు మాన్పించాల్సిన పని కూడా కాదని మెల్లగా అర్థమవుతుంది. రాత్రి పన్నెండింటికి సీసాలు వెతికి పారబోయడం మానేసి నిద్రపోయిన ఒకామె, ఆ నిద్రే తనకు మొదటి లాభం అంది.

కొన్ని పనులు మాత్రం చేయకండి. ఆయన తరఫున ఆఫీసుకు "జ్వరం" అని ఫోన్ చేయకండి. బెల్టు షాపు అప్పు మీరు తీర్చకండి. ముఖ్యంగా, కూరలోనో చాయ్‌లోనో తెలియకుండా కలపమని అమ్మే పొడులు కొనకండి. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడ వస్తుంది, బీపీ పడిపోతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఆ మందు మంచిదే, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు రాసిస్తేనే.

కొడితే మాత్రం ఇదంతా పక్కన పెట్టి 181కో 112కో చేయండి. తాగుడు జబ్బే, కానీ మీ మీద పడే దెబ్బలకు అది సాకు కాదు.

బలవంతంగా సెంటర్‌లో వేయొచ్చా?

జాగ్రత్త. రాత్రి జీపులో నలుగురు వచ్చి చేతులు కట్టి తీసుకుపోయే సెంటర్లున్నాయి. నన్నూ ఒక చోట మా అన్న అలాగే వేయించాడు. నలభై రోజులు, కిటికీకి గొలుసు. బయటికి రాగానే మొదటి పని ఏం చేశానో మీకు తెలుసు. పేరు రాయను, అన్న మీద కోపమూ లేదు. ఆయనకు ఇంకో దారి తెలియదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. గొలుసులు వేయడం నిషేధం. సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. అదీ మొదట 30 రోజులు దాటకూడదు. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, డాక్టరు ఎప్పుడు వస్తారో అడగండి, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. మూడో ప్రశ్నకు తడబడితే వెనక్కి వచ్చేయండి.

ఆడవాళ్లు రావొచ్చా?

రావచ్చు. మన వైపు పండుగకు, పనికి పోయొచ్చాక ఆడవాళ్లు కల్లు తాగడం కొత్తేమీ కాదు, ఎవరూ తప్పుపట్టరు. అలవాటు ముదిరితే మాత్రం మగవాడికి లేని నింద వాళ్లకు వస్తుంది. చిన్న ఊళ్ల గ్రూపుల్లో ఆడవాళ్లు తక్కువ అనేది దాచను. ఫోన్‌లోనే "మహిళా సభ్యురాలితో మాట్లాడాలి" అని అడగండి, నంబర్ ఇస్తారు. ఆన్‌లైన్‌లో మహిళల మీటింగులు వేరుగా ఉన్నాయి.

తాగి ఉన్నప్పుడు రావొచ్చా?

రావచ్చు. గొడవ చేయకపోతే చాలు. ఆ రోజు మాట్లాడకుండా వినమంటారు. బండి మీద మాత్రం రాకండి.

ఆన్‌లైన్ మీటింగ్ సరిపోదా?

కరోనా తర్వాత జూమ్ మీటింగులు బాగా పెరిగాయి. ఏటూరునాగారంలోనో, ఉట్నూరు దగ్గర తండాలోనో ఉన్నవాళ్లకు వారానికోసారి పట్నం రావడం కుదరదు. వాళ్లకు ఇవి పెద్ద ఆసరా. కెమెరా ఆపుకుని, పేరు మార్చుకుని వినొచ్చు. నా మట్టుకు నాకు ఎదురుగా మనిషి ఉండాలి. కెమెరా ఆపి, మీటింగ్ వింటూనే తాగినవాణ్ని నేను.

దసరా, దావత్‌లు, చావు దినాలు. మన దగ్గర తాగకుండా ఎలా గడుస్తుంది?

కష్టంగానే గడుస్తుంది. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అయ్యాక తర్వాతి మాట "కూర్చుందామా" అనే. మేడారం పోతే గుడారం గుడారానికీ సీసా ఉంటుంది. పెళ్లిలో పోయించుకోకపోతే అలిగినట్టు, చావుకు తాగకపోతే దుఃఖం లేనట్టు.

నాకు పనికొచ్చినవి చెప్తాను. మొదటి ఏడాది దసరాకు ఊరు పోలేదు. మా అమ్మ ఏడ్చింది. మరుసటి ఏడు పోయి, భోజనం చేసి, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కాను. చేతిలో ఎప్పుడూ ఒక గ్లాసు ఉంచుకుంటాను, సోడానో మజ్జిగో. గ్లాసు ఉన్నవాడికి ఎవరూ పోయరు. "అన్నా, ఒక్కటే పెగ్గు, ఏం గాదు తియ్" అనే బావమరదులకు "షుగర్ మందులు వాడుతున్నా, డాక్టర్ వద్దన్నడు" అని మొదట్లో అబద్ధం చెప్పాను. ఇప్పుడు "నాకు పడదు" అంటాను, అంతే. పోయే ముందు ఒక సభ్యుడికి ఫోన్, వచ్చాక ఒక ఫోన్. కడుపు నిండా తిని పోతాను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో రెండు కలిసినప్పుడే నా కాళ్లు వైన్స్ వైపు తిరిగేవి.

మళ్లీ తాగేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

అదే మొహం పెట్టుకుని వెళ్లండి. దీన్ని స్లిప్ అంటారు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి అనుభవమే. మీ కుర్చీ ఎవరూ తీసేయరు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు. మా గ్రూపులో ఒకాయన ఏడుసార్లు మొదటి రోజు చేసుకున్నాడు. ఏడోసారి అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చాడు.

ఇది నిజంగా పనిచేస్తుందా? రుజువు ఉందా?

2020లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను, మొత్తం 10,565 మంది వివరాలను కలిపి చూసింది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స తీసుకున్నవాళ్లు పూర్తిగా తాగకుండా ఉండటంలో మిగతా చికిత్సలు తీసుకున్నవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారని తేలింది. అందరికీ పనిచేస్తుందని కాదు. కొందరికి సైకియాట్రిస్టు, మందులు చాలు. కొందరికి దేవుడి మాట అస్సలు గిట్టదు. ఆరు మీటింగులు చూసి తేల్చుకోండి అని నేను చెప్తాను. మొదటి మీటింగ్ నచ్చలేదని మానేసినవాళ్లకు, మొదటి గుక్క కూడా చేదుగానే ఉంది కదా అని గుర్తు చేస్తాను.

మా దగ్గర మీటింగే లేదు. మేమే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. తాగుడు మానడానికి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, ఇంకే సంస్థతోనూ ముడిపెట్టుకోకపోతే, అదే ఏఏ గ్రూపు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముంబై ఆఫీసుకో హైదరాబాద్‌వాళ్లకో చెప్తే జాబితాలో పేరు ఎక్కుతుంది, చదవాల్సిన కాగితాలు వస్తాయి, మొదట్లో ఒకరిద్దరు పాత సభ్యులు వచ్చి కూర్చుంటారు.

గది కోసం సర్పంచ్‌ను అడిగితే బ్యానర్ కడదామంటాడు, ఫొటో దిగుదామంటాడు. వద్దు. బస్సు దిగి నడిచి వచ్చేంత దూరంలో, రోడ్డు మీదికి తలుపు లేని గది చూసుకోండి. వైన్స్ ముందు నుంచి రాకుండా వచ్చే దారి ఉంటే ఇంకా మంచిది. వారం, వేళ ఒకసారి పెట్టాక మార్చకండి. వాన పడినా, ఎవరూ రాకపోయినా తలుపు తెరవండి. ఫోన్ నంబర్ ఇద్దరిది ఇవ్వండి, ఒకరిది ఇస్తే ఆయన డ్యూటీలో ఉన్న రోజే ఎవరో చేస్తారు. ఆ ప్రాంతం డాక్టరుకు, పీహెచ్‌సీ నర్సుకు, పోలీస్ స్టేషన్ రైటర్‌కు చీటీ రాసి ఇవ్వండి. తాగినవాళ్లు ముందు చేరేది వాళ్ల దగ్గరికే.

మేం మొదలుపెట్టినప్పుడు ఇద్దరమే. నాలుగు వారాలు మేమిద్దరమే ఒకరికొకరం చెప్పుకున్న కథే చెప్పుకున్నాం. ఐదో వారం చీకటి పడ్డాక గుమ్మం బయట ఎవరో నిలబడ్డ అలికిడి అయింది. చూస్తే నలభై ఏళ్లాయన, ఆటో డ్రైవర్ ఖాకీ చొక్కా, చెప్పులు బయట విప్పాలా లోపలికి తేవాలా అని కిందికి చూస్తున్నాడు. చెప్పులతోనే రమ్మని కుర్చీ జరిపాం.